అడ్డగీత దగ్గర

ఎపినాల్‌లో, మోజెల్ నది వంతెన దిగగానే
మందుల కొట్టు మీద రెండో అంతస్తు.
గురువారం పదిన్నరకి
ఆన్సెల్మ్ తువెనో వస్తాడు, కుడికాలు ఈడ్చుకుంటూ,
అంతకన్నా బరువుగా మాటల్ని ఈడ్చుకుంటూ.

ఇరవైతొమ్మిదేళ్ళు రైలు గేటు కాపలా.
గంట మోగితే దించడం, బండి పోతే ఎత్తడం.
ఫిబ్రవరిలో మెదడులో నరం చిట్లి
ఈసారి గేటు అతని లోపల పడింది.
అవతల మాటలన్నీ బారులు తీరి
హారన్లు కొడుతున్నాయి.

మాట నేర్పే ఎలోయీజ్ బల్ల మీద అట్టముక్కలు పరుస్తుంది.
ఒక్కో ముక్క మీద రెండు మాటలో మూడో,
మధ్య అడ్డగీతలు.
"గీతను చూడకండి, మస్యూ తువెనో.
అది కంటి కోసం. నోటికి దాని సంగతే తెలీదు."

ఇంద్రధనుస్సు.
కాగితం మీద విల్లుదో గది, ఆకాశానిదో గది:
ఆర్క్. ఆఁ. సియెల్.
నోట్లో మాత్రం విల్లు చివరి కకారప్పొల్లు
గీత కిందనుంచి దూరి పక్కింటి అచ్చును పట్టుకుంటుంది:
ఆర్. కాఁ. సియెల్.
(మనం బడిలోనే పాతిపెట్టిన అరసున్న
ఇక్కడ బతికే ఉంది, ముక్కుతో ఊపిరి తీస్తూ.)
రెండు ఇంద్రధనుస్సులైతే రాతలో ఒక సకారం చేరుతుంది.
దాన్నెవరూ పలకరించరు.
అతను ఎడమచేత్తో బల్ల మీద కొట్టాడు.
మూడు దెబ్బలు. సరిగ్గా మూడే.

ముళ్ళపంది.
ఒంటరి పందికి, పోర్, చివరి కకారం వినబడదు.
ముళ్ళు మొలిచేసరికి లేచి కూచుంటుంది: పోర్. కే. పిక్.
"చూశారా, నిద్రపోయింది గాని చచ్చిపోలేదు..." అనబోయి
ఎలోయీజ్ నాలుక కరుచుకుంది.
ఇలాంటి ఓదార్పులు అతనికి గిట్టవు.
మార్చిలో ఒకసారి అట్టముక్క కిటికీలోంచి విసిరేశాడు.

ఊరు వెళ్ళినప్పుడు దిగే చిన్న బసకి
వీళ్ళ మాట, నేల మీద కాలు.
రాసేది ద, పలికేది త. పియే. తా. తేర్.
మన సంధిలో పరుషాలు సరళాలవుతాయి,
ఇక్కడ సరళమే పరుషమై గీత దాటుతుంది,
మన వ్యాకరణం అద్దంలో నిలబడి
ఎడమచేత్తో రాస్తున్నట్టు.

తన ఉద్యోగం పేరు దగ్గర అతను ఆగాడు.
"గార్ద" చివర ఒక చిన్న అచ్చు ఉంది,
పెదాలు సగం ముడిచి వదిలే గాలి.
పక్కన ఒంటి అక్షరం మాట నిలబడితే వినిపిస్తుంది,
వంతెన పిట్టగోడకి చెప్పే గార్. ద. ఫూ.
పొడుగు మాటొస్తే తప్పుకుని దారిస్తుంది,
గేటు కాపరికి చెప్పే గార్ద్. బా. రియేర్.
ఎందుకలా అన్నట్టు కనుబొమ్మ ఎత్తాడు.
ఎలోయీజ్ పెన్ను కొరికింది.
"పొట్టివాళ్ళకి తోడు కావాలేమో."
అతను నవ్వాడు, ముఖంలో నవ్వగలిగిన సగంతో.

చివరి ముక్క.
ఎముకా మాంసమూ దుంపలూ ఉడికే వంటకం,
పొయ్యి మీద కుండ.
"పో" అన్నాడు.
ఆగిపోయాడు.
కుండ చివర ఒక త ఉంది, ఒంటరిగా ఉంటే పలకని త.
కింద కొట్టు తలుపు గంట రెండుసార్లు మోగింది.
గుమ్మంలో కూచున్న భార్య యుగెట్,
ఒళ్ళో మిరబెల్ పళ్ళ సంచి,
నాలుక పళ్ళకి ఆనించి అందించబోయింది.
ఎలోయీజ్ చేయి అడ్డంగా దించింది.
ఈ గది అంతటికీ అదే గేటు.
ఏ బండి వస్తోందో తెలియదు.
పట్టాలు మాత్రం వణికాయి.

"తో."

ఆ తర్వాతి అచ్చు మన లిపికి అందదు.
ఫే అనడానికి నాలుక పెట్టి
ఫో అన్నట్టు పెదాలు చుడితే వచ్చేది.
అతనికి వచ్చింది.

"ఆగస్టు నెలలోనా!" యుగెట్ సణిగింది.
"ఇప్పుడు మూడు గంటలు కుండతోపాటు నేనూ ఉడకాలి."
సంచి భుజాన వేసుకుని
క్యారెట్లు ఎన్నో, ఎముకలు ఎన్నో లెక్కపెడుతూ దిగుతోంది.
రెండో మెట్టు మీద అతను కమ్మీ పట్టుకుని నిలబడి
ఏ అట్ట మీదా లేని మాట ఒకటి అన్నాడు,
వంకరగా, ముక్కలు చేయకుండా.

"ఆవముద్ద" అన్నాడు.
ఇంట్లో అయిపోయిందట.